అవతలి ఒడ్డు దలా: మీకు తెలుసా?

మన కోస్తాలో పాతతరం వాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. "వాళ్ళ తాత రంగం వెళ్ళాడు" అంటే నాటకంలో వేషం కట్టాడని అనుకునేరు, ఓడెక్కి బర్మా పోయాడని అర్థం. అలా పోయినవాళ్ళ ఓడ సముద్రం వదిలి నదిలోకి మళ్ళి, రేవు దగ్గరికి వచ్చేసరికి కుడివైపున నగరం, గిడ్డంగులు, బంగారు పగోడాలు. ఎడమవైపున ఇంకో ఊరు. పేరు దలా. అప్పుడూ ఇప్పుడూ దాని గతి ఒకటే: అందరి చూపూ నగరం మీద, దలా వీపు వెనక.

యాంగాన్ నదికి ఉత్తరపు గట్టున ఇప్పటి మయన్మార్‌లోకెల్లా పెద్ద నగరం యాంగాన్, అంటే నాటి రంగూన్, దక్షిణపు గట్టున దలా టౌన్‌షిప్. మధ్యలో పది నిమిషాల నీళ్ళు. 2014 జనగణన నాటికి అక్కడి జనం లక్షా డెబ్బై వేలకు పైమాటే. పర్యాటకుల పుస్తకాల్లో దానికి అరపేజీ దక్కితే గొప్ప. ఆ అరపేజీలో పట్టనివి కొన్ని ఇక్కడ. వరసేమీ లేదు, తోచినట్టు చెబుతున్నాను.

కోరంగి నుంచి ముక్కుసూటిగా తూర్పుకి పోతే ఎక్కడ తేలతాం?

దాదాపుగా దలాలోనే. కాకినాడ పక్కనున్న కోరంగి, నది అవతలి దలా, రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద, 16.8 డిగ్రీల దగ్గర ఉన్నాయి. మధ్య దూరం సుమారు 1,500 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం బంగాళాఖాతం, చివర్లో ఐరావతి డెల్టా. కోరంగిలో మడ అడవి, ఇక్కడా డెల్టా బురద. అక్కడ పొద్దు మనకంటే ముందు పొడుస్తుంది కాబట్టి గడియారం సరిగ్గా గంట ముందుంటుంది. వాన మాత్రం పోలిక లేదు. యాంగాన్ ప్రాంతంలో ఏడాదికి 2,700 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, కాకినాడలో పడేదానికి రెట్టింపు పైన.

ఒక రేవు పేరు ఒక జాతి పేరైంది

ఆ కోరంగి మామూలు ఊరు కాదు. తెరచాప ఓడల కాలంలో పెద్ద రేవు, ఓడలు కట్టే చోటు. 1839 తుపాను దాన్ని ఊడ్చిపెట్టింది. రేవు పోయింది గానీ పేరు సముద్రం దాటేసింది. బర్మాలో తెలుగువాణ్ణి 'కోరంగీ' అనేవారు. శ్రీకాకుళం వాడైనా, విశాఖ వాడైనా, జన్మలో కోరంగి ముఖం చూడనివాడైనా సరే. మలయాలో తెలుగువాళ్ళతో సహా మన తీరం వాళ్ళందరినీ 'క్లింగ్' అన్నారు, అది కళింగం నుంచి వచ్చింది. ఎక్కడికి పోయినా మనవాళ్ళకి ఊరి పేరే ఇంటిపేరైంది.

1931 జనగణన నాటికి రంగూన్ జనం నాలుగు లక్షలు. అందులో సగానికి మించి భారతీయులే. రేవులో మూటలు మోసినవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళు, రిక్షాలు లాగినవాళ్ళలో తెలుగువాళ్ళది పెద్ద వాటా. మేస్త్రీలు ఊళ్ళమీద పడి బయానాలిచ్చి తీసుకెళ్ళేవారు. ఆ బయానా తీరేదాకా మేస్త్రీ చెప్పిందే వేదం. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా వాళ్ళని పనిలోకి దింపాయి. సమ్మె తీరాక వాళ్ళని తీసేసి పాతవాళ్ళని పెట్టుకున్నాయి. మే 26న రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. అదే నెల 5న భూకంపం కూడా. రంగం నుంచి తిరిగొచ్చిన తాతలు మేడ కట్టిన కథ చెప్పినంత తరచుగా ఈ కథ చెప్పలేదు.

పది నిమిషాల ప్రయాణం

నగరంలో పాన్సొడాన్ వీధి చివర జెట్టీ. అక్కణ్ణుంచే దలా ఫెర్రీ. ఇప్పుడు తిరిగే పడవల పేరు 'చెర్రీ'. జపాన్ ప్రభుత్వం బహుమతిగా ఇచ్చిన మూడు పడవలు, 2014 నుంచి నడుస్తున్నాయి. జపాను వాళ్ళు చెర్రీ పూల పేరు పెట్టుకోవడంలో వింతేముంది గానీ, బురదరంగు నదిలో ఆ పేరు వింటే నవ్వొస్తుంది. స్థానికులకి టికెట్టు ఒక ధర, విదేశీయులకి ఇంకో ధర.

పొద్దున్నే అవతలి నుంచి ఇవతలికి జనం: కూరల గంపలు, కోళ్ళు, బళ్ళో పిల్లలు, కట్టుడు పనివాళ్ళు, ఆఫీసు గుమాస్తాలు. సాయంత్రం అదే జనం వెనక్కి. పది నిమిషాల్లో పడవ లోపల ఒక సంత జరిగిపోతుంది. పిట్టగుడ్లు, పుచ్చకాయ ముక్కలు, కిళ్ళీలు, సిగరెట్లు, లాటరీ టిక్కెట్లు అమ్మేవాళ్ళు నెత్తిన పళ్ళాలతో కుర్చీల మధ్య తిరుగుతుంటారు. రేవు దాటించే పడవలో పుట్టిన బేరం ఒడ్డు తగిలేలోపు తెగాలి. మన గోదావరి లాంచీలు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. కోటిపల్లి రేవులో నిలబడ్డట్టే ఉంటుంది.

తేడా ఒకటుంది. ఇది పోటుపాట్ల నది. సముద్రం దగ్గరే కాబట్టి అమావాస్య, పున్నమి పోట్లకి నీటిమట్టం ఐదు మీటర్లకు పైగా లేచి దిగుతుంది. అంటే ఒక అంతస్తు ఎత్తు కంటే ఎక్కువ. అందుకే జెట్టీలు నీళ్ళమీద తేలుతూ ఉంటాయి, ఒడ్డునుంచి వాటికి వంతెన పలకలు. పోటుకి పలక సమంగా ఉంటుంది. పాటుకి నిటారుగా కిందికి దిగాలి. గంపలు మోసే ఆడవాళ్ళకి ఏ వేళకి ఏ ఎక్కుడో కాళ్ళకే తెలుసు.

చలికాలం చుట్టాలు

నవంబరు నుంచి మార్చి దాకా ఈ పడవల వెనక వందలకొద్దీ తెల్లపిట్టలు ఎగురుతూ వస్తాయి. గోధుమతల సముద్రపు కాకులు. ఆసియా నడిగడ్డ నుంచి, ఎత్తైన సరస్సుల దగ్గర్నుంచి చలికి దిగి వస్తాయి. మన పులికాట్‌కి, కాకినాడ తీరానికీ వచ్చే పక్షులే ఇవి. ఇక్కడ వాటికి మర్యాద ఎక్కువ. ప్రయాణికులు వడియాల్లాంటి అప్పచ్చులు కొనుక్కుని గాల్లోకి విసురుతారు, పిట్ట నీళ్ళు తాకకుండా నోట కరుచుకుంటుంది. ప్రాణికి తిండి పెట్టడం పుణ్యమని బౌద్ధుల నమ్మకం. అప్పచ్చులమ్మే పిల్లలకి అదే సీజను.

విడిభాగాలుగా వచ్చిన ఓడలు

దలా పేరు ప్రపంచానికి తెలిసింది ఒక డాక్‌యార్డు వల్ల. ఐరావతి ఫ్లోటిల్లా కంపెనీ 1865లో గ్లాస్గో కేంద్రంగా పుట్టింది. ఐరావతి మీద రైలుకంటే ముందు ఈ కంపెనీ ఆవిరి పడవలే రహదారి. స్కాట్లండ్‌లో క్లైడ్ నది పక్క డంబార్టన్‌లో ఓడ కట్టేవారు. తర్వాత దాన్ని విప్పేసి, రేకులుగా, దూలాలుగా, మరలుగా పెద్ద ఓడల్లో ఎక్కించి రంగూన్‌కి పంపేవారు. ఇక్కడ మళ్ళీ బిగించేవారు. తలుపులూ గడపలూ విప్పుకొచ్చి ఇంకో ఊళ్ళో ఇల్లు నిలబెట్టుకునే మన పాతకాలం పద్ధతే, కాకపోతే ఇక్కడ ఇంటికి బదులు మూడొందల అడుగుల స్టీమరు. నదిలో నడిచే చదునైన అడుగున్న ఓడ సముద్రం దాటలేదు కదా, అందుకని ఈ తంటా.

1920ల చివరికి ఆ కంపెనీకి 600 పైచిలుకు పడవలున్నాయి. ఏడాదికి 90 లక్షల మంది ఎక్కేవారు. ప్రపంచంలో ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో ఉన్న అతి పెద్ద పడవల దండు అదేనని చెబుతారు. నడిపే సరంగులూ ఖలాసీలూ ఎక్కువగా చిట్టగాంగ్ వాళ్ళు. ఒడ్డున మోతపని మనవాళ్ళది. మరల దగ్గర నిలబడి హుకుం చేసేవాళ్ళు స్కాట్లండ్ ఇంజనీర్లు. దలా గట్టు మీద ఆ రోజుల్లో ఎన్ని భాషల్లో బూతులు వినబడేవో ఎవరూ రాసిపెట్టలేదు.

ఆ దండు ఎలా ముగిసిందో చూడండి. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. 1942 మార్చి 8కి నగరం చేజారింది. శత్రువుకి దక్కకూడదని కంపెనీ వాళ్ళే తమ పడవలకి తామే చిల్లులు పొడిచి వందలకొద్దీ నదిలో ముంచేశారు. ఏళ్ళతరబడి కాపాడుకున్న పడవలు ఒక్కొక్కటే మునుగుతుంటే గట్టున నిలబడి చూశారు.

అదే కాలంలో పడవ దొరకని భారతీయులు నడక పట్టారు. అరకాన్ కొండల మీదుగా కొందరు, మణిపూర్ అడవుల మీదుగా కొందరు. మొత్తం ఐదు లక్షల మంది దాకా బర్మా వదిలారని అంచనా. దార్లో పోయినవాళ్ళకి లెక్క లేదు. యుద్ధం తర్వాత కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో సైనిక పాలన వచ్చి, 1964లో దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక మరోసారి మూటలు కట్టారు. విశాఖ కంచరపాలెంలో 'బర్మా క్యాంపు' అనే పేరు అప్పటి గుర్తు. ఫ్లోటిల్లా కంపెనీని 1948లోనే కొత్త ప్రభుత్వం జాతీయం చేసింది. దలాలో డాక్‌యార్డు మాత్రం ఇవాళ్టికీ ఉంది, నది పడవలు అక్కడే ఒడ్డెక్కి మరమ్మతు చేయించుకుంటాయి.

నది నడుమ నీటి కరువు

దలా గురించి ఒక్కటే సంగతి గుర్తుంచుకోవాలంటే నేను ఇదే చెబుతాను. మూడు పక్కలా నీళ్ళు, ఏడాదికి 2,700 మిల్లీమీటర్ల వాన, అయినా మార్చి దాటితే తాగడానికి చుక్క ఉండదు. కారణం నేలలోనే ఉంది. ఎండాకాలం నదిలో మంచినీటి ఒత్తిడి తగ్గుతుంది, సముద్రపు పోటు ఉప్పునీటిని పైకి తోసుకొస్తుంది. బావి తవ్వితే ఉప్పగానో చిలప నీరుగానో పడుతుంది. కోనసీమ చివరి లంకల్లో, దివిసీమలో ఉన్నవాళ్ళకి ఈ బాధ వివరించనక్కర్లేదు.

కాబట్టి ఊరికి దిక్కు వానాకాలం నిండిన చెరువులు. వాటిలో తామరలు, గట్టు మీద పలకల దారి. సాయంత్రం అయ్యేసరికి ఆడా మగా పిల్లలూ వరస కడతారు. ఒక్కొక్కరికి ఇన్ని డబ్బాలని లెక్క. తామరాకుల మధ్యకి వంగి రెండు డబ్బాలు ముంచి, కావిడి భుజానికెత్తుకుని నడుస్తారు. వెదురుబద్ద, రెండు కొసల్లో రెండు డబ్బాలు. మన కావిడికీ దానికీ తేడా లేదు. ఈ దృశ్యాన్ని ప్రపంచ పత్రికల ఫొటోగ్రాఫర్లు ఎన్నో ఏళ్ళు తీశారు. ఫొటోలో తామరలూ కావిళ్ళూ చాలా అందంగా ఉంటాయి, అదే ఇబ్బంది. ఏప్రిల్ చివరికి చెరువులూ అడుగంటుతాయి. అప్పుడు నగరం నుంచి దాతలు ట్యాంకర్లలో నీళ్ళు తెస్తారు.

ఇంకో సంగతి. సరిగ్గా అదే ఏప్రిల్ మధ్యలో బర్మా వాళ్ళ కొత్త సంవత్సరం, తింజాన్. ఆ పేరు మన 'సంక్రాంతి' మాటే, సూర్యుడు మేషంలోకి మారే సంక్రమణం. పండగ ఎలా చేస్తారంటే ఒకరి మీద ఒకరు నీళ్ళు పోసుకుని. నది ఉత్తరపు గట్టున గొట్టాలు పెట్టి వీధులు తడిపేస్తుంటే, దక్షిణపు గట్టున డబ్బా పట్టుకుని వరసలో నిలబడి ఉంటారు. అయినా దలాలో ఇళ్ళ ముందు బాటసారుల కోసం మట్టికుండలు పెట్టి, మూత మీద గ్లాసు బోర్లించి ఉంచే ఆచారం పోలేదు. మన చలివేంద్రమే. దేశమంతా ఉన్న ఆచారం అది. కానీ నీళ్ళు కొనుక్కునే ఊళ్ళో ఆ కుండ నింపడం వేరు.

వీశె ఇంకా బతికే ఉంది

మన అమ్మమ్మలు బెల్లాన్నీ చింతపండునీ వీశెల్లో కొన్నారు. వీశె అంటే ఐదు సేర్లు, నలభై పలాలు, ఇప్పటి లెక్కలో 1.4 కిలోలు. మనకి కిలోలు వచ్చాక ఆ మాట సామెతల్లోకి పోయింది. బర్మా సంతల్లో చేపలూ ఉల్లిపాయలూ ఇప్పటికీ తూచేది 'పెయిక్తా' లెక్కన. ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'విస్' అని రాసుకున్నారు. మన వీశె కుటుంబమే. అక్కడిది కాస్త బరువు, 1.63 కిలోలు. తూకంలో సముద్రం దాటిన మాట కొంత ఒళ్ళు చేసిందన్నమాట.

ఐరావతి డాల్ఫిన్ సొంతూరు ఏది?

విశాఖపట్నం! కాగితాల మీద మాత్రమే లెండి. గుండ్రటి తల, ముక్కు లేని ముఖం ఉన్న ఆ డాల్ఫిన్‌ని శాస్త్రానికి పరిచయం చేసింది రిచర్డ్ ఓవెన్, 1866లో. ఆయనకి ఆధారం 1852లో విశాఖ రేవులో దొరికిన ఒక్క ప్రాణి. దాన్ని సేకరించింది ఉత్తర సర్కారుల్లో పనిచేసిన వాల్టర్ ఇలియట్, అమరావతి శిల్పాల్ని తవ్వించి మద్రాసు చేర్చిన దొర ఆయనే. తర్వాత ఐరావతి నది పేరు దానికి అతుక్కుపోయింది. ఫెర్రీలో కళ్ళు చికిలించి వెతక్కండి, దలా దగ్గర అవి కనబడవు. నదిలో ఉండేవి చాలా పైన, మండలే ఎగువన. అక్కడ జాలర్లు పడవ అంచు తట్టి పిలిస్తే వచ్చి చేపల్ని వలవైపు తరుముతాయి. మనకి దగ్గరలో చూడాలంటే ఒడిశా చిలికా సరస్సు ఉంది.

వీపు వీపుకి ఆనించి

ఫెర్రీ దిగగానే చుట్టుముట్టేది సైకిలు రిక్షాలు. పేరు 'సైక్కా'. ఇంగ్లీషు సైడ్‌కారే నలిగి అలా అయింది. తొక్కేవాడి పక్కన రెండు సీట్లు, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. మొగుడూ పెళ్ళాం ఎక్కితే ఒకరు రాబోయే ఊరు చూస్తారు, ఒకరు పోయిన ఊరు చూస్తారు.

నది అవతల నగరంలో 2003 నుంచి మోటారు సైకిళ్ళు నిషేధం. దలాలో అవే టాక్సీలు. పది నిమిషాల నీటితో చట్టమే మారిపోతుంది. కార్ల సంగతి ఇంకా వింత. 1970లో ప్రభుత్వం రాత్రికి రాత్రి ఎడమ నుంచి కుడివైపు నడకకి మార్చింది. కానీ దేశంలో ఎక్కువ కార్లు జపాన్ నుంచి వచ్చిన పాతవి, స్టీరింగ్ కుడివైపే. ముందు బండిని దాటాలంటే డ్రైవరుకి ఎదురేమొస్తుందో కనబడదు, పక్కనున్నవాడు తొంగిచూసి చెప్పాలి.

మన మినుములు ఎక్కడ పండాయి?

రేపు పొద్దున మీరు తినే ఇడ్లీలో మినప్పప్పు బర్మాది అయ్యే అవకాశం బాగానే ఉంది. మన దేశం దిగుమతి చేసుకునే మినుముల్లో పెద్ద వాటా మయన్మార్ నుంచే. 2021లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి: ఏడాదికి రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు, ఐదేళ్ళపాటు. అక్కడివాళ్ళు మినుముని 'మాపె' అంటారు. దిగువ బర్మాలో వరి కోశాక పొలంలో మిగిలిన తడిమీదే అపరాలు చల్లుతారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మాగాణి మినుము వేసినట్టే. మట్టి ఒకటే, పంట ఒకటే, కాలం కూడా ఒకటే. వాళ్ళు మాత్రం మినుములు అంత ఇష్టంగా తినరు, పండించేది మనకోసమే.

మరి వాళ్ళేం తింటారు? పొద్దున్నే మొహింగా. కొర్రమేనో వాలుగో ఉడికించి, ముళ్ళు తీసి, నిమ్మగడ్డి, అల్లం, వెల్లుల్లి, పసుపు వేసి, శనగపిండితోనో వేయించిన బియ్యప్పిండితోనో చిక్కబరిచిన పులుసు. అందులో అరటి దూట ముక్కలు. దాన్ని సన్నటి బియ్యపు సేమియా మీద పోసి, పైన కరకరలాడే పకోడీ విరిచి, నిమ్మకాయ పిండి ఇస్తారు. అరటి దూటని ఆవ పెట్టి కూర చేసుకునే గోదావరి వాళ్ళకి పులుసులో దాని కరకర నచ్చుతుంది. మొదటిసారి తినేవాళ్ళకి అడ్డొచ్చేది వాసన, నపి వాసన. చేపల్నీ రొయ్యల్నీ ఉప్పేసి మాగబెట్టిన ముద్ద అది, దాదాపు ప్రతి వంటలోనూ పడుతుంది. ఎండురొయ్యల వంకాయ కూర ఇష్టపడేవాళ్ళకి వారంలో అలవాటవుతుంది. ఇంగువ వాసన మాత్రమే ఎరిగినవాళ్ళ సంగతి నేను చెప్పలేను.

ఇంకో రెండు ముక్కలు. గుంత పొంగణాల పెనంలాంటి పెనం మీద బియ్యప్పిండి జారు పోసి, పిట్టగుడ్డో శనగలో వేసి, రెండు అర్ధగోళాలు కాల్చి ఒకదానికొకటి అతికిస్తారు. దాని పేరు 'మొం లిన్ మయా'. అర్థం: మొగుడూ పెళ్ళాల పిండివంట. పొంగణానికి మన రాయలసీమలో ఇంత మంచి పేరు ఎందుకు తట్టలేదో. రెండోది దోశ. తమిళులూ తెలుగులూ తీసుకెళ్ళిన దోశ అక్కడ 'తో షే' అయింది. వాళ్ళ భాషలో 'తో' అంటే పొట్టి, 'షే' అంటే పొడుగు. పొట్టిపొడుగు! పెనం మీద గరిటె తిరిగేటప్పుడు చూస్తే అబద్ధమనిపించదు.

చదవలేని ఊళ్ళో రెండక్షరాలు

దలా రేవులో దుకాణాల బోర్డులు చూస్తే మొదట అన్నీ సున్నలే కనిపిస్తాయి. కాసేపటికి తెలుగు కన్ను రెండక్షరాలు పట్టేస్తుంది. వాళ్ళ 'గ' మన గ లాగే కింద తెరుచుకుని ఉంటుంది, వాళ్ళ 'ప' మన ప లాగే పైన. తలకట్టు ఊడదీశారంతే. పూర్తి సున్న వాళ్ళకి 'వ'. బర్మా లిపి మోన్ లిపి ద్వారా వచ్చింది, దాని మూలం దక్షిణాది బ్రాహ్మి. తాటాకు మీద గంటంతో అడ్డగీతలు లాగితే ఆకు చీలుతుంది కాబట్టి రెండుచోట్లా అక్షరాలు గుండ్రంగా తిరిగాయని పెద్దలు చెప్పే కారణం.

వారానికి ఎనిమిది రోజులు

బర్మా జ్యోతిషంలో బుధవారాన్ని మధ్యాహ్నం దగ్గర రెండు ముక్కలు చేస్తారు. రెండో ముక్క రాహువుది, 'యాహు' అంటారు. పగోడా చుట్టూ ఎనిమిది దిక్కుల్లో ఎనిమిది మూలలు, ఒక్కో దానికి ఒక్కో జంతువు: సోమవారానికి పులి, మంగళవారానికి సింహం, బుధవారం పొద్దున పుట్టినవాళ్ళకి దంతాల ఏనుగు, మధ్యాహ్నం పుట్టినవాళ్ళకి దంతాల్లేని ఏనుగు. పుట్టిన వారం ఏదో తెలియనివాడు అక్కడ ఉండడు. తన మూల దగ్గరికి వెళ్ళి విగ్రహం మీద నీళ్ళు పోసి మొక్కుతాడు. మనం నక్షత్రపాదం చూసి పేరుకి మొదటి అక్షరం తీసినట్టు వాళ్ళు వారం చూసి తీస్తారు. ఇంటిపేర్లు మాత్రం లేవు. 'కోరంగీ' అని మనకొక ఇంటిపేరు తగిలించినవాళ్ళకి సొంత ఇంటిపేరు లేకపోవడం నాకు సరదాగా ఉంటుంది.

దలా దాటాక

పడమటికి రోడ్డు త్వాంతే పోతుంది. కుండలకి పేరుపడ్డ ఊరు. పెద్ద పెద్ద నీటి జాడీలు ఇప్పటికీ చేత్తో తిప్పి, కట్టెల ఆవంలో కాలుస్తారు. దలా ఇళ్ళ ముందు వాననీళ్ళు పట్టే జాడీలకి పుట్టిల్లు అదే. యాంగాన్ నదిని ఐరావతితో కలిపే త్వాంతే కాలువ పొడవు దాదాపు 35 కిలోమీటర్లు, డెల్టా చుట్టూ తిరగాల్సిన పడవలకి అడ్డదారి. ఆ ఊరికి దగ్గర్లో చెరువు మధ్య ఒక గుడి ఉంది, కొండచిలువలు నేల మీదా కిటికీల మీదా చుట్టలు చుట్టుకుని నిద్రపోతుంటాయి, భక్తులు పక్కన నోట్లు పెట్టి దణ్ణం పెడతారు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనం ఆశ్చర్యపోకూడదు.

1924లో త్వాంతేలో ఒక కుర్ర పోలీసు అధికారి పనిచేశాడు. పేరు ఎరిక్ బ్లెయిర్. అక్కణ్ణుంచి సిరియం బదిలీ అయ్యాడు, అది ఇప్పటి తాన్లిన్, చమురు శుద్ధి చేసే ఊరు. ఐదేళ్ళు బర్మాలో ఉండి, ఉద్యోగం మీద విసుగెత్తి, ఇంగ్లండ్ వెళ్ళి జార్జ్ ఆర్వెల్ అనే పేరుతో రాయడం మొదలుపెట్టాడు. 1934లో వచ్చిన అతని మొదటి నవల 'బర్మీస్ డేస్'.

ఇంకా వెనక్కి వెళ్తే 1824. ఈస్టిండియా కంపెనీ సైన్యం రంగూన్ పట్టుకుంది. డిసెంబరులో బర్మా సేనాని మహాబందూల నగరాన్ని చుట్టుముట్టినప్పుడు దలా గట్టు కూడా అతని దండు చేతిలోనే ఉంది. కంపెనీ తరఫున వచ్చినవాళ్ళలో మద్రాసు సిపాయిలు ఎక్కువ. బెంగాల్ సిపాయిలు సముద్రం దాటడానికి ఒప్పుకోరని మద్రాసు దళాల్ని ఓడలెక్కించారు. కూలీలకంటే ముందు సిపాయిలు ఈ నది చూశారు.

గాలి వచ్చిన రాత్రి

2008 మే 2 రాత్రి నర్గీస్ తుపాను డెల్టా మీద పడింది. చనిపోయినవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు కలిపి సుమారు 1,38,000. దివిసీమ 1977 ఉప్పెన గుర్తున్నవాళ్ళకి ఆ అంకె ఏమిటో తెలుస్తుంది. ఊళ్ళు పోయినవాళ్ళు పడమటి డెల్టా నుంచి నగరం దిక్కుకి నడిచారు. నగరంలో అద్దె కట్టలేనివాళ్ళు నది ఇవతలే ఆగిపోయారు. దలా అంచుల్లో పొలాల మధ్య వెదురు గుంజల మీద లేచిన తడిక ఇళ్ళు చాలావరకు అలా వచ్చినవే. నీళ్ళ వరస పొడవు పెరగడానికి అదొక కారణం.

ఇక వంతెన

ఇన్నేళ్ళూ దలాకీ నగరానికీ మధ్య వంతెన లేదు. రోడ్డున రావాలంటే ఎగువకి వెళ్ళి చాలా చుట్టు తిరిగి రావాల్సి వచ్చేది. 2018 డిసెంబరులో కొరియా–మయన్మార్ స్నేహ వంతెనకి శంకుస్థాపన చేశారు. దక్షిణ కొరియా అప్పుగా ఇచ్చిన డబ్బు, నాలుగు వరసల రోడ్డు. వంతెన మాట వినగానే దలాలో వరిచేల ధరలు లేచాయి. నీళ్ళకి వరస కట్టేవాళ్ళు ఉండే నేలనే నగరం వాళ్ళు కొనడం మొదలుపెట్టారు.

పడవ మీద పిట్టగుడ్లమ్మే ఆమెకి పది నిమిషాలే వ్యాపారం. వంతెన మీద బస్సు ఆగదు.